తంగేడు దగ్గర ఆగిపోయిన పాఠం



ఈ భాగంలో వర్గీకరణ మీద రాస్తానని పోయిన వారం మాటిచ్చాను. అది వచ్చే వారానికి జరుపుతున్నాను. మొన్న శనివారం ఏడో తరగతి చదివే ఒక పిల్ల నన్ను ఒక ప్రశ్న అడిగింది. సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ బాకీ తీర్చకుండా ఇంకేం రాసినా నాకే సిగ్గుగా ఉంటుంది.

హైదరాబాదులో ఒక బస్తీ సర్కారు బడిలో శనివారాలు నేను పిల్లలతో కథల పుస్తకాలు చదివిస్తుంటానని మీలో చాలామందికి తెలుసు. ఆ బడి హెడ్మాస్టర్ మంచాయన. ఆరు, ఏడు తరగతుల పిల్లలను దగ్గర్లోని పెద్ద పార్కుకు తీసుకుపోయి ప్రకృతి పాఠం చెప్పిద్దామన్నాడు. బస్సుకు పైసల్లేవు. 42 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, నేను. లైను కట్టి రెండు కిలోమీటర్లు నడిచాం. పార్కు పేరు రాయను. ఒక్క పార్కుది కాదు ఈ గొడవ.

గేటు దగ్గర మాకంటే ముందే రెండు ప్రైవేటు బడి బస్సులు ఆగాయి. ఆ పిల్లలకు టోపీలున్నాయి, మెడలో నీళ్ల సీసాలున్నాయి. వాళ్ల టీచర్ చెయ్యి ఊపింది, గేటు తెరుచుకుంది. మా వంతు వచ్చేసరికి గార్డు లేచి నిలబడ్డాడు.

"ఏ బడి? లెటర్ ఏది?"

హెడ్మాస్టర్ లెటర్ ఇచ్చాడు. దాని మీద ముద్ర సరిగా పడలేదన్నాడు. ఎవరికో ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాలు ఎండలో నిలబెట్టాడు. చివరికి లోపలికి వదులుతూ ఒక మాట అన్నాడు: "పూలు తెంపుతరు సార్ వీళ్లు. ఏమన్న అయితే మీదే జిమ్మేదారి."

ఆ గార్డు మీద నాకు కోపం లేదు. ఆయనా మనోడే కావచ్చు. రోజంతా కాళ్ల మీద నిలబడే మనిషి. ఎవరిని చూస్తే గేటు తీయాలో, ఎవరిని చూస్తే లెటర్ అడగాలో ఆయనకు ఎవరూ రాసి ఇవ్వలేదు. చుట్టూ ఉన్న లోకాన్ని చూసి నేర్చుకున్నాడు. నా కోపం ఆ లోకం మీద.

లోపల ఒక మేడం మాకోసం ఎదురుచూస్తోంది. ప్రకృతి అంటే ప్రాణం ఆమెకు. జీతం లేకుండా వచ్చి పిల్లలకు చెట్లను, పిట్టలను చూపిస్తుంది. చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే నేను రాయబోయేది చెడ్డ మనుషుల గురించి కాదు.

దారి పక్కన తంగేడు పొద పసుపుపచ్చగా పూసి ఉంది. "ఇదేం పువ్వో ఎవరు చెప్తారు?" అని అడిగిందామె. పిల్లలంతా ఒక్కసారే అరిచారు, "తంగేడు! బతుకమ్మల పెడ్తం!"

"వెరీ గుడ్. ఇది మన రాష్ట్ర పుష్పం. ఇంకేం తెలుసు?"

అప్పుడు ఆ పిల్ల చెయ్యెత్తింది. "మేడం, దీని చెక్కతోని మా తాత తోలు పదును చేసేటోడు. ఊర్లె మాకు లంద ఉండె."

ఒక పిల్లవాడు ముక్కు మూసుకున్నాడు. వెనక ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. మేడం ముఖంలో రంగు మారింది. గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "అవన్నీ ఇప్పుడెందుకు నాన్నా? మనం మంచి విషయాలు మాట్లాడుకుందాం. అదిగో, అటు చూడండి, సీతాకోకచిలుక!"

అందరూ అటు తిరిగారు. ఆ పిల్ల చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఇరవై ఏళ్లుగా సభల్లో మైకు పట్టుకుని అరిచే మనిషిని. నోరు లేవలేదు. ఎందుకో చెబుతాను, నవ్వుకుంటే నవ్వుకోండి. లంద అనే మాట చెవిన పడగానే నా ఒళ్లు కూడా ముడుచుకుంది. మా తాతకూ లంద ఉండేది. హాస్టల్లో "మీ తాత ఏం చేస్తడు?" అని అడిగితే వ్యవసాయం అని చెప్పి తప్పించుకున్నవాణ్ని నేను. నేను పదేళ్లు దాచిన మాటను ఆ పిల్ల నలుగురిలో చెయ్యెత్తి చెప్పింది. నేనేమో ఆమెను ఒంటరిగా వదిలేశాను.

తిరిగొచ్చేటప్పుడు నా పక్కన నడుస్తూ అడిగింది. "సార్, నేను చెప్పింది తప్పా?"

"తప్పు కాదు బిడ్డా."

"మరి మేడం ఎందుకు ఆపింది?"

దానికి నా దగ్గర మాట లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

బిడ్డా, నువ్వు చెప్పింది తప్పు కాదు. ఆ రోజు పార్కులో తంగేడు గురించి చెప్పిన మాటలన్నిట్లో అసలైన పాఠం నీదే.

పచ్చి తోలును అట్లా వదిలేస్తే రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. ఎండబెడితే చెక్కలాగా బిగుసుకుంటుంది. దాన్ని మెత్తగా, గట్టిగా, నీళ్లకు ఓర్చుకునేట్టు చేయాలంటే అందులోని మాంసకృత్తులను పట్టి కట్టేసే పదార్థం కావాలి. దానికి టానిన్ అని పేరు. తంగేడు బెరడులో అది దండిగా ఉంటుంది. మీ తాత, మా తాత తోలును ముందు సున్నం నీళ్లలో నానబెట్టారు. వెంట్రుకలు గీకేశారు. తంగేడు చెక్క దంచి నీళ్లలో వేసి, ఆ నీళ్లలో తోలును రోజుల తరబడి ఉంచారు. ఎప్పుడు తీయాలో రంగు చూసి, వేలితో నొక్కి, వాసన పట్టి తెలుసుకున్నారు. ఇది రసాయన శాస్త్రం. వాళ్లకు లాబొరేటరీ ఇవ్వలేదు కాబట్టి ఊరవతల గొయ్యి తవ్వుకున్నారు.

ఈ చెట్టుకు ఇంగ్లీషులో ఒక పేరుంది: టానర్స్ కాసియా. తోలు పదును చేసేవాడి చెట్టు అని. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ చెక్కతో పదును చేసిన తోళ్లు ఓడలెక్కి ఇంగ్లండు దాకా పోయాయి. ఇంగ్లీషువాడు మన తాతల పనిని చెట్టు పేరులోనే పెట్టుకున్నాడు. 2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, సంతోషం. కానీ పువ్వును తీసుకుని బెరడును వదిలేశాం. పువ్వు పండుగకు పోతుంది. బెరడు లందలోకి పోతుంది. లంద ఊరవతల ఉంది కాబట్టి పాఠం కూడా ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోయింది.

ఆ తోలుతో ఏం చేశారు? చెప్పులొక్కటే కాదు. కరెంటు మోటార్లు రాకముందు బావిలోంచి నీళ్లు తోడింది మోట. మోటకు తోలు కావాలి. ఎడ్లకు కట్టే వార్లకు తోలు కావాలి. పటేలు పొలం తడవాలంటే మాదిగ చేతిలో పదునైన తోలు బావిలోకి దిగాలి. ఆ తోలు నీళ్లలో మునగొచ్చు. దాన్ని కుట్టిన చెయ్యి మాత్రం ఆ బావిని ముట్టొద్దు. ఇంతకంటే పెద్ద ప్రకృతి పాఠం ఏ పార్కులో ఉంది?

మీ మేడం అన్న "మంచి విషయాలు" అంటే ఏంటో ఇప్పుడు అర్థమైందా? ఎవరి మనసూ నొప్పించని విషయాలు. ఎవరి మనసు అనేది మాత్రం ఆమె అడగలేదు. ఆ రోజు ఒక మనసు నొచ్చింది. అది లెక్కలోకి రాలేదు.

"చెట్లకు కూడా కులం అంటగడతారా?" అని కొందరు అడుగుతారు. చెట్టుకు కులం లేదు. నీళ్లకూ లేదు. ఆ సంగతి మాకు మీకంటే ముందు తెలుసు. చెట్టు దగ్గరికి, నీళ్ల దగ్గరికి పోయే దారికి ఉంది కులం.

1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది, ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకు కూడా తెరవాలని. 1924లో మహద్ మున్సిపాలిటీ సరేనంది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. గట్టు మీద మాత్రం తెరుచుకోలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచి పోయి చవదార్ చెరువు నీళ్లు దోసిట్లో పట్టి తాగితే గానీ ఆ కాగితానికి ప్రాణం రాలేదు. తాగినందుకు తర్వాత తలలు కూడా పగిలాయి. మన దగ్గర 1985 జూలైలో కారంచేడు. గొడవ ఎక్కడ మొదలైంది? మంచినీళ్ల చెరువు గట్టున. మాదిగలు తాగే నీళ్లలో గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఇదేంటని అడిగారు. మున్నంగి సువార్త చేతిలో నీళ్ల బిందె ఉంది. జూలై 17న మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు ప్రాణాలు పోయాయి.

కాబట్టి చెరువు అంటే మాకు తామరపువ్వు ఒక్కటే గుర్తు రాదు. మీరు పిల్లలకు చెరువు చూపించి కొంగల పేర్లు నేర్పండి, వద్దనను. అన్ని పేర్లూ నేర్పండి. సువార్త పేరు కూడా నేర్పండి.

ఇక మనవాళ్ల మాట. బడి నుంచి వచ్చాక ఒక అన్న నన్ను నిలదీశాడు. "తమ్మీ, మట్టిలకెళ్లి బయట పడనీకె మనకు రెండు తరాలు పట్టింది. మన పిల్లలకు ఇంగ్లీషు కావాలె, కంప్యూటర్ కావాలె. చెట్లు, పుట్టలు వాళ్లకెందుకు? మళ్లీ ఆడికే తోలుతవా?"

ఈ మాటను తేలిగ్గా తీసేయలేను. ఊరంటే అజ్ఞానపు గుహ అని 1948లో రాజ్యాంగ సభలో కుండ బద్దలు కొట్టింది బాబాసాహెబే. మనకు పచ్చదనం అంటే నాట్లలో వంగిన నడుము. అడవి అంటే నెత్తి మీద కట్టెల మోపు. మనం పారిపోయి వచ్చింది దాన్నుంచే.

కానీ అన్నా, ఒకటి గమనించు. లక్షల్లో ఫీజు గుంజే బడులు ఇప్పుడు ఏమని ప్రకటనలు వేసుకుంటున్నాయి? మా దగ్గర పిల్లలు మట్టిలో ఆడతారు, కూరగాయలు పండిస్తారు, పిట్టలను చూస్తారు అని. వాళ్లకు ఇంగ్లీషూ ఉంది, కంప్యూటరూ ఉంది, మట్టీ ఉంది. మన పిల్లలకు మాత్రం ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలా? వాళ్ల పిల్ల మట్టి ముట్టుకుంటే శాస్త్రవేత్త అవుతుందంటారు. మన పిల్ల ముట్టుకుంటే కూలి అవుతుందని మనమే భయపడుతున్నాం. ఆ భయాన్ని మన నెత్తిన పెట్టిందెవరు?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అది కూడా చెప్పకుండా వదలను. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక పథకం తెచ్చాడు. పిల్లలు సగం పూట బడికి రావాలి, మిగతా పూట ఇంట్లో అమ్మానాన్నల పని నేర్చుకోవాలి. కులవృత్తి చదువు అని పెరియార్, ఇంకా ఎందరో దాన్ని ఏకిపారేశారు. 1954లో కామరాజ్ వచ్చాక అది పోయింది. ఇప్పుడు 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి అంటోంది. వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల దగ్గర నేర్చుకోవాలంటోంది. ఆలోచన బాగానే ఉంది. నా ప్రశ్న ఒక్కటే. తోటమాలి దగ్గరికి ఎవరి పిల్లలు పోతారు? డాక్టర్ కొడుకు పోతే అది అనుభవం. తోటమాలి కొడుకే పోతే అది 1953. అన్నట్టు, ఆ విధానం చెప్పిన ఉదాహరణల్లో తోలు పని చేసేవాడి పేరు లేదు. అక్కడ కూడా పాఠం పొలిమేర దగ్గరే ఆగింది.

ఆ పిల్ల మళ్లీ లంద దగ్గర కూర్చోవాలని నేను కోరుకోవడం లేదు. ఆ కంపు, ఆ సున్నానికి చిట్లిన చేతులు నాకు తెలుసు. లందను గొప్ప చేసి పాట కట్టే పని కూడా నాది కాదు. నేనడిగేది ఒక్కటే. ఆ పిల్ల కెమిస్ట్రీ చదవాలి. టానిన్ అనే మాట వచ్చిన రోజు "ఇది మా తాతకు తెలుసు" అని తల ఎత్తి కూర్చోవాలి. పక్కనున్న పిల్లవాడు ముక్కు మూసుకోకుండా "నీకెట్ల తెలుసు? చెప్పవా?" అని అడగాలి.

ఆ రోజు ఇంకొకటి కూడా చూశాను. పిల్లలు చెట్ల కింద టిఫిన్ డబ్బాలు తెరిచారు. అటువైపు ఇద్దరు ఆడవాళ్లు ఆకులు ఊడుస్తున్నారు. ఒకామె మా లైను వైపు చూసింది. చూసి, తలకు కట్టుకున్న గుడ్డను ముఖం మీదికి లాక్కుని, చీపురు పట్టుకుని అవతలికి పోయింది. మా ఆరో తరగతి పిల్లవాడొకడు తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు. తర్వాత టీచర్ చెప్పింది, ఆమె వాడి తల్లి. కొడుకు పరువు తల్లి కాపాడింది, తల్లి పరువు కొడుకు కాపాడాడు. ఇద్దరూ అట్లా ఒకరికొకరు ఏమీ కానట్టు ఉండిపోయారు.

ఏ చెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుందో ఆ తల్లికంటే బాగా తెలిసినవాళ్లు ఆ పార్కులో ఎవరున్నారు? ఏ తొర్రలో చిలుక గుడ్లు పెట్టింది, ఏ మూలన పాము తిరుగుతుంది, వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, అన్నీ ఆమె చీపురుకు తెలుసు. ఆమె ఆ రోజు పాఠం చెప్పాల్సిన మనిషి. ముఖం దాచుకుని పోయింది. దీన్ని ప్రకృతి విద్య అంటే నేను ఒప్పుకోను.

బడుల్లో పర్యావరణ చదువు తప్పనిసరి చేయాలని 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పుస్తకం వచ్చింది, పరీక్ష వచ్చింది, మార్కులు వచ్చాయి. పార్కు మాత్రం బస్సు ఉన్న బడికే దగ్గరగా ఉండిపోయింది.

ఎట్లుండాలో చెప్పకుండా తిట్టి పోవడం నాకు ఇష్టం ఉండదు. హుస్సేన్ సాగర్‌నే తీసుకోండి. 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన చెరువు. ఒక ఒడ్డున సంజీవయ్య పార్కు. అక్కడికి పోయిన పిల్లలను అడగండి, జెండా ఎత్తు 291 అడుగులని చెబుతారు. సంజీవయ్య ఎవరో అడగండి, చెప్పలేరు. కర్నూలు జిల్లా పెద్దపాడులో పేద మాల కుటుంబంలో పుట్టి, 1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తొలి దళిత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య ఆయన. ఆయన పేరు పెట్టుకున్న పార్కులో గులాబీల పేర్లు చెబుతారు, ఆయన పేరు చెప్పరు.

అక్కడ నిలబడితే నీళ్ల మధ్యలో బుద్ధుడు కనిపిస్తాడు. 1990లో ఆ విగ్రహాన్ని తరలిస్తుంటే నీళ్లలో మునిగిపోయింది. పనివాళ్లు చనిపోయారు. 1992లో మళ్లీ పైకి తీసి నిలబెట్టారు. ఇంకొంచెం అటు తిరిగితే 2023లో నిలబెట్టిన 125 అడుగుల అంబేద్కర్. ఈ చెరువులోకి కూకట్‌పల్లి నాలా వచ్చి కలుస్తుంది. నాలాల పక్కన ఎవరి ఇళ్లున్నాయి? మన పిల్లలవే. ఎన్ని గంటల వానకు నీళ్లు గడప దాటుతాయో, ఏ రోజు ఏ రంగు నీళ్లు వస్తాయో వాళ్లకు తెలుసు. ఆ చెరువు ఎందుకు కంపు కొడుతుందో చెప్పమని వాళ్లను అడగండి. ఒక్క పూటలో నీళ్ల శాస్త్రం, చరిత్ర, రాజ్యాంగం మూడూ అయిపోతాయి.

నా డిమాండ్లు పెద్దవి కావు.

ఒకటి. సర్కారు బడి పిల్లలకు నగరంలోని ఏ పార్కులోనైనా టికెట్ వద్దు. ఎండలో నిలబెట్టి లెటర్లు అడగొద్దు. బడి ఐడీ కార్డు చాలు.

రెండు. నడవలేని దూరమైతే ఆర్టీసీ బస్సు ఇవ్వండి. ఎస్సీ, ఎస్టీ అభివృద్ధి నిధి ఉంది కదా, రోడ్లకు ఫ్లైఓవర్లకు మళ్లించే బదులు మా పిల్లల ప్రయాణానికి వాడండి.

మూడు. ప్రతి పార్కులో పిల్లలకు పాఠం చెప్పే గంటలో అక్కడ పనిచేసే అక్కలు, అన్నలు కూడా మాట్లాడాలి. ఆ గంటకు వాళ్లకు విడిగా డబ్బులు ఇవ్వాలి. ఉత్త గౌరవం కడుపు నింపదు.

నాలుగు. చెట్ల దగ్గర పెట్టే బోర్డుల మీద శాస్త్రీయ నామం కింద ఒక్క వాక్యం రాయండి, ఆ చెట్టుతో ఎవరు ఏం చేశారో. తంగేడు దగ్గర "దీని బెరడుతో మాదిగలు తోలు పదును చేశారు" అని రాయండి. ఆకాశం ఊడిపడదు.

ఐదు. టీచర్లకు, ప్రకృతి ప్రేమికులకు ఒక మనవి. తోలు పని, కుండ పని, బట్టలుతికే పని మీద పిల్లల కోసం కంచ ఐలయ్య 2007లోనే 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' అనే పుస్తకం రాశాడు. పార్కుకు పోయే ముందు ఒక్కసారి తిరగేయండి. పిల్ల చెయ్యెత్తినప్పుడు సీతాకోకచిలుకను వెతుక్కోకుండా ఉండటానికి పనికొస్తుంది.

ఇక నా సంగతి. నిన్న మేడంకు ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. మొదట నొచ్చుకుంది. "నేనా పిల్లను అవమానించలేదండీ, మిగతా పిల్లలు నవ్వుతున్నారని మాట మార్చాను" అంది. అబద్ధం కాదేమో. నవ్వినవాళ్లను ఆపకుండా చెప్పినదాన్ని ఆపారు మేడం, అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "లంద అంటే నాకు నిజంగా తెలియదు, చెప్తారా?" అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. అరవై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, నోట్‌బుక్ తెచ్చుకుని రాసుకుంది.

దసరా సెలవులు అయిపోయాక మళ్లీ పోతున్నాం, అదే పార్కుకు, అదే 42 మంది. తంగేడు దగ్గర ఆగుతాం. ఇష్టముంటే ఆ పిల్ల చెబుతుంది. లేదంటే నేను చెబుతాను, మా తాత లంద గురించి, నేను దాచుకున్న పదేళ్ల గురించి. ఎవరైనా ముక్కు మూసుకుంటే అక్కడే కూర్చుని మాట్లాడుకుంటాం. సీతాకోకచిలుకలు ఎక్కడికీ పోవు.

బిడ్డా, నువ్వు చెప్పింది తప్పు కాదు. మాట్లాడకపోవడం నా తప్పు.

వచ్చే వారం వర్గీకరణ మీద, ఈసారి ఖాయం.

జై భీమ్.